పొంగకముందే దించండి

ఇంట్లో కాపుచినో చేయాలనుకునేవాళ్లు ముందుగా మెషీన్ ధరలు చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది పాల సంగతి.

మన వంటింట్లో పాలు కాగాయనడానికి గుర్తు ఒక్కటే. పొంగు రావాలి. ప్యాకెట్ పాలైనా, పాలాయన తెచ్చి పోసిన చిక్కటి గేదెపాలైనా, పొంగు వచ్చేదాకా స్టవ్ దగ్గరే నిలబడి, పొంగగానే సిమ్‌లో పెట్టి, ఇంకో రెండు నిమిషాలు మరగనిచ్చి దించితేగానీ మనసు ఒప్పుకోదు. కొత్తింట్లో అడుగుపెట్టగానే చేసే పని కూడా పాలు పొంగించడమే. కాఫీ విషయంలోనూ అంతే. పొగలు కక్కాలి, గ్లాసు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. తరాలుగా చేతికి పట్టిన ఈ అలవాటే ఇంట్లో కాపుచినో కుదరకపోవడానికి మొదటి కారణమంటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. కానీ అదే నిజం. కాపుచినో పాలు 60 డిగ్రీల దగ్గర ఆగిపోవాలి. మరగడం మాట అటుంచండి, గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు లేచేసరికే సమయం మించిపోయినట్టు లెక్క.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కేఫ్‌లో కూర్చుని కాపుచినో తాగడం ఇప్పుడు మామూలు సంగతి. కప్పు రెండొందలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. రోజూ తాగాలనిపించేవాళ్లకు ఇంట్లోనే చేసుకుందామన్న ఆలోచన రాక మానదు. రాగానే ఫోన్‌లో మెషీన్లు వెతకడం మొదలుపెడతారు. వేలల్లో మొదలై లక్ష దాటిపోయేవీ కనిపిస్తాయి. ఆ డబ్బు పెట్టే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కప్పులో కాఫీ ఆరో వంతే. మిగతాదంతా పాలు, ఆ పాలలో చిక్కుకున్న గాలి. అంటే నేర్చుకోవాల్సిన పనిలో ఎక్కువ భాగం పాల దగ్గరే ఉంది. దానికి లక్ష రూపాయల సామాను అక్కర్లేదు.

వంద మిల్లీలీటర్లు నూటపాతికయ్యేదాకా

ఇటలీలో ఎస్‌ప్రెసో నాణ్యతకు కొలతలు పెట్టిన జాతీయ సంస్థ ఒకటుంది. 1998లో మొదలైంది. కాపుచినోకి వాళ్లు రాసిపెట్టిన లెక్క చాలా సాదాగా ఉంటుంది. 25 మిల్లీలీటర్ల ఎస్‌ప్రెసో. దానిమీద ఆవిరి పట్టించిన పాలు. చల్లటి పాలు 100 మిల్లీలీటర్లు తీసుకుని, అవి 125 మిల్లీలీటర్లు అయ్యేదాకా నురగ పట్టించాలి. వేడి 55 డిగ్రీల దగ్గర. పాలలో వెన్న 3.5 శాతం, మాంసకృత్తులు 3.2 శాతం ఉండాలి. కప్పు 150, 160 మిల్లీలీటర్లు పట్టేది.

ఈ కొలతల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ 125. పాలు పెరిగేది పావు వంతే. కాపుచినో అంటే కప్పు మీద గోపురంలా లేచిన నురగ అని మనలో చాలామంది అనుకుంటారు. బ్యాటరీతో తిరిగే చేతి ఫ్రాదర్‌ను పాలలో పెట్టి, నురగ రెట్టింపయ్యేదాకా తిప్పి సంతోషపడతారు. అలా తయారైన నురగ పైన పొడిగా తేలుతుంది, కింద పాలు నీళ్లలాగే మిగిలిపోతాయి. తాగితే ముందు గాలి, ఆ తర్వాత పాలకాఫీ. మంచి కాపుచినోలో పాలు, నురగ వేరుపడవు. బుడగలు కంటికి కనిపించనంత సన్నగా ఉండి, పాలతో కలిసి ఒకే ముద్దగా జారతాయి. అట్లపిండికి మనం గరిటెజారు అంటామే, ఆ పాకం రావాలి.

రెండో సంగతి కప్పు. ఇళ్లలో ఇప్పుడు వాడే మగ్గుల్లో చాలావాటికి మూడొందల మిల్లీలీటర్ల దాకా పడుతుంది. అందులో ఒక్క షాట్ కాఫీ పోసి పైదాకా పాలు నింపితే కాఫీ ఊసే ఉండదు. చుట్టాలొచ్చినప్పుడు తీసే సాసర్ కప్పులు చూడండి. వాటిలో చాలావరకు 150 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. కాపుచినోకి అవే సరైన కొలత. కప్పును ముందుగా వేడినీళ్లతో తొలిచి పెట్టుకోండి. 60 డిగ్రీల పాలు చల్లటి పింగాణీలో పడితే నాలుగైదు డిగ్రీలు ఇట్టే పోతాయి.

మిలాన్ బార్ నుంచి మన పెళ్లి పందిరి దాకా

వియన్నా కాఫీ హౌసుల్లో కపుజినర్ అని మీగడ కలిపిన కాఫీ ఒకటి ఉండేది. కపూచిన్ సన్యాసుల అంగీ రంగులో ఉంటుందని దానికా పేరు పెట్టారు. ఇప్పుడు మనం తాగే నురగ కాపుచినో మాత్రం ఇటలీ యంత్రాల చలవ. టురిన్‌లో ఆంజెలో మొరియోండో 1884లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మిలాన్‌లో లూయిజీ బెజ్జెరా 1901లో ఎవరి కప్పు వాళ్లకు అప్పటికప్పుడు దించి ఇచ్చే యంత్రానికి పేటెంట్ సంపాదించాడు. డెసిదెరియో పవోని దాన్ని కొని తయారీకి దిగాడు. ఆ కాలపు యంత్రాల్లో నీళ్లను కాఫీపొడిలోంచి తోసేది బాయిలర్‌లోని ఆవిరి ఒక్కటే. ఒత్తిడి ఒకటిన్నర, రెండు బార్లకు మించేది కాదు. మరుగుతున్న నీళ్లు, ఆవిరి కలిసి పొడిని కాల్చేసేవి. కాఫీలో మాడువాసన వచ్చేది.

దీన్ని మార్చింది మిలాన్‌కే చెందిన అకిల్లె గాజ్జా. 1940ల చివర్లో ఆయన తెచ్చిన మెషీన్‌లో పొడవాటి పిడి, స్ప్రింగు, పిస్టన్ ఉంటాయి. పిడి కిందికి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది, వదిలితే అది పిస్టన్‌ను తోస్తుంది. నీళ్లు మరగకుండానే ఎనిమిది తొమ్మిది బార్ల ఒత్తిడితో పొడిలోంచి దూసుకొస్తాయి. కాఫీ మీద బంగారు రంగు తెట్టు కట్టడం అప్పుడే మొదలైంది. దాన్నే క్రీమా అంటారు. మొదట్లో జనం ఆ తెట్టును అనుమానంగా చూశారు. ఇది కాఫీలోంచి సహజంగా వచ్చిన మీగడేనని మెషీన్ల మీద రాసి చెప్పాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మెషీన్లు ఊరూరా చేరినకొద్దీ, చిక్కటి ఎస్‌ప్రెసో మీద సన్నటి నురగతో కాపుచినో ఇటలీ వాళ్ల ఉదయపు కాఫీ అయిపోయింది. ఇప్పటికీ వాళ్లది పొద్దుటి పూట తాగే కాఫీయే. భోజనం తర్వాత అన్ని పాలు తాగడం వాళ్లకు నచ్చదు.

మన పెళ్లిళ్లలో ఎస్‌ప్రెసో కాఫీ స్టాల్ ఎంతోమందికి గుర్తుండే ఉంటుంది. భోజనాల పందిరి పక్కన బల్ల, బల్ల మీద స్టీలు బాయిలర్, కింద గ్యాస్ మంట, పక్కకు వంగిన సన్నటి గొట్టం. జగ్గులో పాలు, చక్కెర, ఇన్‌స్టంట్ కాఫీపొడి వేసి, గొట్టం అందులో ముంచి మర తిప్పగానే బుస్సుమని చప్పుడు. పేపరు కప్పులో పోసి, పైన చిటికెడు చాక్లెట్ పొడి చల్లేవాళ్లు. “అంకుల్, నాకు నురగ ఎక్కువ” అంటూ పిల్లలు వరసలో తోసుకునేవాళ్లు. అందులో తొమ్మిది బార్ల ఒత్తిడీ లేదు, అప్పుడే మర పట్టిన గింజలూ లేవు. ఒత్తిడి లెక్కన చూస్తే ఆ బాయిలర్ గాజ్జా కన్నా బెజ్జెరా కాలానికే దగ్గర. అయినా పాలలోకి ఆవిరి పంపి వేడి చేసే పద్ధతి మిలాన్ బార్‌లో ఉన్నదే. పొయ్యి మీద కాగిన పాలకు, ఆవిరితో కాగిన పాలకు రుచిలో ఎంత తేడా ఉంటుందో ఊళ్లలో చాలామందికి మొదట చూపించింది ఆ స్టాలాయనే. ఆయన పాలు మరిగేదాకా ఆవిరి ఆపేవాడు కాదు, అదొక్కటే లోటు. వేలమంది క్యూలో ఉన్నప్పుడు, అందరికీ చుర్రుమనే కాఫీ కావాల్సి వచ్చినప్పుడు ఇంకెవరైనా అదే చేస్తారు.

ప్యాకెట్ మీది అంకెలు

పాలలో నురగను నిలబెట్టేవి మాంసకృత్తులు. కేసీన్, వే అని రెండు రకాలుంటాయి. ఆవుపాలలో కేసీన్ వాటా 80 శాతం దాకా ఉంటుంది. గాలి బుడగ పుట్టగానే ఇవి దాని చుట్టూ చేరి పల్చటి పొర కడతాయి. వెన్న సంగతి అంత సూటిగా ఉండదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో వెన్న గట్టిపడి ఉంటుంది కాబట్టి బుడగల జోలికి పెద్దగా పోదు. బాగా వేడెక్కాక పూర్తిగా కరిగిపోతుంది, అప్పుడూ ఇబ్బంది లేదు. మధ్యలో, గోరువెచ్చగా ఉన్నప్పుడు, సగం కరిగి సగం గట్టిగా ఉన్న వెన్న రేణువులు బుడగల పొరను చీల్చేస్తాయి. బయట పెట్టి మరిచిపోయిన పాలకు నురగ పట్టకపోవడం ఇందువల్లే. పాలు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడాలి. జగ్గు కూడా చల్లగా ఉంటే ఇంకా మంచిది. వేడెక్కేలోపు గాలి పట్టించడానికి నాలుగు క్షణాలు ఎక్కువ దొరుకుతాయి.

ఇక ఏ పాలు? మన దగ్గర ప్యాకెట్ రంగును బట్టి కొంటాం కానీ, దానిమీద చిన్న అక్షరాల్లో ఉండే అంకెలు చదవం. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం. డబుల్ టోన్డ్‌లో 1.5, 9. స్టాండర్డైజ్డ్‌లో 4.5, 8.5. ఫుల్ క్రీమ్‌లో 6, 9. ఇటలీ వాళ్లు చెప్పిన 3.5 శాతం వెన్న టోన్డ్‌కీ స్టాండర్డైజ్డ్‌కీ నడుమ పడుతుంది. ఆవు పాలని అమ్మే ప్యాకెట్లు దానికి దగ్గరగా ఉంటాయి. టోన్డ్ పాలకు నురగ తేలిగ్గా వస్తుంది, రుచి కాస్త పల్చన. ఫుల్ క్రీమ్‌కి నురగ తక్కువ, నిలిచేదీ తక్కువ. కానీ నాలుక మీద ఆ కమ్మదనం వేరు. గేదెపాల కాఫీకి అలవాటుపడ్డ ఇంట్లో నేనైతే స్టాండర్డైజ్డ్ పాలతో మొదలుపెట్టమంటాను. డబుల్ టోన్డ్ జోలికి వెళ్లొద్దు. నురగ బాగా వస్తుంది, తాగడానికి మాత్రం ఏమీ మిగలదు.

పచ్చిపాలు తాగిస్తున్నారా అని పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. డెయిరీ ప్యాకెట్ పాలను సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి వెంటనే చల్లారుస్తారు. అదే పాశ్చరైజేషన్. ప్యాకెట్ చల్లదనం చెడకుండా ఇంటికి చేరి, ఫ్రిజ్‌లోనే ఉండి, గడువులోపే ఉంటే దాన్ని మళ్లీ పొంగించాల్సిన పని లేదు. విడిపాలు మాత్రం తప్పనిసరిగా కాయాల్సిందే, ఇందులో రాజీ లేదు. విడిపాలే వాడేవాళ్లు పొంగు వచ్చాక దించి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున మీగడ తీసి వడకట్టి వాడుకోవచ్చు. కాగిన వాసన కొంత ఉంటుంది, మీగడ తరకలు మిగిలితే నురగ నున్నగా రాదు. అయినా తాగదగ్గ కాపుచినోయే వస్తుంది.

పాలు పాతబడితే నురగ నిలవదు. రుచిలో తేడా తెలియకముందే ఈ సంగతి నురగ చెప్పేస్తుంది. వెన్న విరిగి పుట్టే కొవ్వు ఆమ్లాలు బుడగల పొరను బతకనివ్వవు. ఎండాకాలంలో కొట్టు ముందు ట్రేలో పది దాకా ఉండిపోయిన ప్యాకెట్ తెచ్చుకుని, ఫ్రాదర్ బాగాలేదని దాన్ని తిట్టుకుంటారు చాలామంది. పాలు తెల్లవారుజామున దించినప్పుడే తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆవిరి చప్పుడు వినండి

ఆవిరి గొట్టం ఉన్న మెషీన్ ఉంటే పని ఇలా సాగుతుంది. స్టీలు జగ్గులో మూడో వంతుకు కాస్త పైగా పాలు పోయండి. గొట్టంలో నిలిచిన నీళ్లను ముందు ఒకసారి బయటికి వదిలేయండి, లేకపోతే అవి పాలలో పడతాయి. గొట్టం కొసను పాల ఉపరితలానికి కాస్త కింద, మధ్యకు కొంచెం పక్కగా పెట్టి ఆవిరి పూర్తిగా వదలండి. ఇప్పుడు చెవే గురువు. కాగితం చింపినట్టు చిర్ చిర్‌మని సన్నటి చప్పుడు వస్తుంటే గాలి సరిగ్గా చేరుతోందన్నమాట. గొట్టం మరీ పైకొస్తే బుడబుడమని పెద్ద బుడగలు లేస్తాయి. మరీ లోపలికి పోతే కీచుమని గోల పెడుతుంది, పాలు వేడెక్కుతాయే తప్ప నురగ రాదు.

ఈ చిర్ చిర్ చప్పుడు కొద్ది సెకన్లే ఉండాలి. జగ్గు అడుగున పెట్టిన అరచేతికి చల్లదనం పోయి ఒంటి వేడికి వచ్చిందనిపించగానే గాలి పట్టించడం ఆపేయాలి. జగ్గును కొంచెం పైకెత్తితే కొస పాలలోకి దిగుతుంది, చప్పుడు అణుగుతుంది, పాలు సుడి తిరగడం మొదలవుతుంది. ఆ సుడిలోనే పెద్ద బుడగలు నలిగి చిన్నవవుతాయి. నున్నటి నురగ తయారయ్యేది ఇక్కడే. జగ్గు పట్టుకోలేనంత వేడెక్కి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చే క్షణంలో ఆవిరి కట్టేయండి. అది సుమారు 60 డిగ్రీలు. మొదట్లో వంటింటి థర్మామీటర్ పెట్టుకుంటే చెయ్యి త్వరగా అలవాటు పడుతుంది.

ఈ 60 దగ్గరే ఎందుకు ఆపాలి? వెచ్చటి పాలలో ఉన్న సహజమైన తీపి నాలుకకు బాగా తెలుస్తుంది. 70 దాటాక వే మాంసకృత్తులు రూపు చెడి గంధకపు వాసన మొదలవుతుంది. మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన కాగిన పాల వాసన అదే. మన ఫిల్టర్ కాఫీలో, చికోరీ ఘాటు పక్కన, ఆ వాసన చక్కగా అమరుతుంది. ఎస్‌ప్రెసోకి మాత్రం అది సరిపడదు. గింజలోని సన్నటి రుచులన్నీ దాని కింద అణిగిపోతాయి. పైగా ఆ వేడికి నురగ కూడా బిరుసెక్కి వేరుపడుతుంది. చెడిన పాలను చల్లార్చి మళ్లీ నురగ పట్టిద్దామంటే కుదరదు, కొత్త పాలు పోసుకోవాల్సిందే.

ఆవిరి ఆపగానే గొట్టాన్ని తడిగుడ్డతో తుడవండి. ఒక్క నిమిషం ఆగినా పాలు గొట్టానికి అట్టకట్టి గీకినా రావు. జగ్గును బల్ల మీద ఒకసారి తట్టి, గుండ్రంగా తిప్పుతూ ఉంటే నురగ మెరుపు వస్తుంది. ఆ మెరుపు పోకముందే కాఫీ మీద పోసెయ్యాలి. చవక మెషీన్లలో ఆవిరి గొట్టానికి ప్లాస్టిక్‌దో స్టీలుదో తొడుగు ఒకటుంటుంది. అది దానంతటదే గాలి పీల్చి పెద్ద నురగ తెస్తుంది. చాలావాటిలో ఆ తొడుగు ఊడదీయవచ్చు. తీసి చేసి చూడండి, తేడా మొదటి కప్పులోనే తెలుస్తుంది.

మెషీన్ లేనివాళ్లకు నేను మొదట చెప్పేది ఫ్రెంచ్ ప్రెస్ కొనమని. కాఫీ కోసం కాదు, పాల కోసం. పాలను చిన్న మంట మీద 60 డిగ్రీలకు తెచ్చి, వేడినీళ్లతో తొలిచిన ఫ్రెంచ్ ప్రెస్‌లో మూడో వంతు వరకు పోసి, పిడిని పైకీ కిందికీ చకచకా పదిహేను, ఇరవై సార్లు ఆడించండి. జల్లెడ బుడగలను చీల్చి చిన్నవి చేస్తుంది. అర నిమిషం ఆగి, గాజును మెల్లిగా తట్టి పోయండి. ఆవిరి నురగకు దీటుగా రాకపోయినా, దాని పక్కన కూర్చోబెట్టదగ్గ నురగ వస్తుంది. బ్యాటరీ ఫ్రాదరే ఉంటే, దాన్ని పైన కొద్ది సెకన్లే ఆడించి, మిగతా సమయమంతా అడుగున ఉంచి పాలను తిప్పండి. గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తునుంచి తిరగబోసే మన పద్ధతి ఫిల్టర్ కాఫీకి బాగుంటుంది. దానితో వచ్చే బుడగలు పెద్దవి, ఈలోపు పాలు చల్లారిపోతాయి కూడా. కాపుచినోకి అది పనికిరాదు.

డికాషనూ చాలు, మోకా అయితే మేలు

కాఫీ వైపు వస్తే, పెట్టె మీద 15 బార్లు, 20 బార్లు అని రాసిన మెషీన్లు కనిపిస్తాయి. అది పంపు తోయగల గరిష్ఠ ఒత్తిడి. పొడి దగ్గర కావాల్సింది 9 బార్లే. ఆ అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఇళ్లలో వాడే జల్లెడ గిన్నెల్లో సాధారణంగా 14 నుంచి 18 గ్రాముల పొడి పడుతుంది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25, 30 సెకన్లలో దిగితే సరిగ్గా ఉన్నట్టు. ఇది రెండు షాట్లు, రెండు చిన్న కప్పులకు పంచుకోవచ్చు. పది సెకన్లలో పరుగెత్తితే పొడి ముతక, పులుపు కొడుతుంది. నిమిషం దాకా చుక్కచుక్కగా కారితే మరీ మెత్తన, చేదెక్కుతుంది. అందుకే మెషీన్ కన్నా గ్రైండర్ ముఖ్యం. మిక్సీ బ్లేడు గింజలను నరుకుతుంది, సగం ముతక సగం బూడిదగా చేస్తుంది. రెండు రాళ్ల మధ్య నలిగినట్టు పొడి చేసే బర్ గ్రైండర్, చేత్తో తిప్పేదైనా సరే, కొనండి.

మెషీన్ వద్దనుకుంటే మోకా పాట్ ఉంది. అల్ఫోన్సో బియాలెట్టి 1933లో తెచ్చిన అల్యూమినియం కూజా. కింది గదిలో వేడినీళ్లు వాల్వ్ దాకా, మధ్య జల్లెడలో పొడి అదమకుండా, పైన కూజా బిగించి చిన్న మంట. ఒత్తిడి ఒకటిన్నర బార్లే కాబట్టి అది ఎస్‌ప్రెసో కాదు, క్రీమా రాదు. కానీ చిక్కదనం పాలకు తట్టుకుంటుంది. గుడగుడమని చప్పుడు మొదలవగానే దించేయాలి, ఆ తర్వాత వచ్చేదంతా చేదు. మన గ్యాస్ స్టవ్ కాళ్ల మీద చిన్న మోకా నిలవదు, ఒరిగిపోతుంది. ఇనుప జాలీ స్టాండ్ ఒకటి వేసుకోవాలి. అల్యూమినియందైతే ఇండక్షన్ మీద వేడెక్కదు.

ఇవేవీ లేకపోయినా ఇంట్లో స్టీలు ఫిల్టర్ ఉంటుంది. చికోరీ లేని పొడి 20 గ్రాములు వేసి, 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోయండి. పొడి దాదాపు 40 పీల్చుకుంటుంది, 60 మిల్లీలీటర్ల చిక్కటి డికాషన్ దిగుతుంది. అందులో 40 తీసుకుని వేడి చేసి, పైన నురగ పాలు పోస్తే ఎంతో బాగుంటుంది. దుకాణాల్లో కాఫీ-చికోరీ మిశ్రమంగా అమ్మే పొడిలో చట్టప్రకారం కాఫీ 51 శాతమైనా ఉండాలి, మిగతాదంతా చికోరీ కావచ్చు. అది కాపుచినోలో పాల తీపిని మింగేస్తుంది. ఇన్‌స్టంట్ పొడిని చక్కెర, కాసిన్ని నీళ్లతో గిలకొట్టి పాల మీద వేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. 2020 లాక్‌డౌన్‌లో డల్గోనా పేరుతో ప్రపంచమంతా చేసింది అదే. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారైన ఇన్‌స్టంట్ కాఫీ ఎన్నో దేశాలకు పోతోంది, ఆ పొడిని తక్కువ చేయను. అయితే అక్కడ నురగ కాఫీది, చక్కెరది. కాపుచినోలో నురగ పాలది. రెండింటి రుచీ వేరు.

అరకు గింజ

గింజలు కొనేటప్పుడు తెలుగువాళ్లు ఇటలీ వైపు చూడాల్సిన పని లేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో ఆదివాసీ కుటుంబాలు చిన్న చిన్న కమతాల్లో అరబికా పండిస్తున్నాయి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లకే పాకే మిరియాల తీగలు. వేసవి జల్లులు పడ్డాక కొండంతా తెల్లటి కాఫీ పూలు, నవంబరు నుంచి ఎర్రటి పండ్లు. చెట్టుమీద పండ్లన్నీ ఒకేసారి ఎరుపెక్కవు కాబట్టి, పండినవి ఏరుకుంటూ ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. పచ్చివీ పండువీ కలిపి దూసేస్తే ధర పడిపోతుంది, కప్పులో వగరు వస్తుంది. తర్వాత తొక్క తీయడం, పులియబెట్టడం, కడగడం, ఎండబెట్టడం. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు.

కాపుచినో కోసం ఈ గింజను మీడియం కన్నా కొంచెం ముదురుగా వేయించినది తీసుకోండి. లేత వేపుడు విడిగా తాగితే పండ్ల పులుపుతో హాయిగా ఉంటుంది, పాలు కలిస్తే ఆ పులుపు తేలిపోతుంది. ముదురు వేపుడులోని చాక్లెట్ రుచి పాలతో బాగా కలుస్తుంది. మరీ నల్లగా, నూనె మెరుస్తున్నవి వద్దు. ప్యాకెట్ మీద వేయించిన తేదీ లేకపోతే కొనకండి. వేయించిన వారం తర్వాత మొదలుపెట్టి నెలలోపు వాడుకుంటే మేలు. 250 గ్రాముల ప్యాకెట్‌లో 18 గ్రాముల మోతాదులు పదమూడు వస్తాయి, మోతాదుకు రెండు చిన్న కప్పులు. కేఫ్ ధరతో పోల్చి చూసుకోండి. మంచి గింజకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టమేమీ లేదు, ఆ డబ్బులో కొంతైనా పండ్లు ఏరిన చేతులకు చేరే చోట కొంటే ఇంకా సంతోషం.

నీళ్ల మాట కూడా చెప్పాలి. బోరు నీళ్లలోని సున్నం మెషీన్ లోపల పేరుకుపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో అప్పుడప్పుడు కడగాలి, తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు నడిపించాలి. ఆర్‌వో నీళ్లు మరీ లవణాలు లేకుండా ఉంటే కాఫీ చప్పగా దిగుతుంది. తాగడానికి రుచిగా అనిపించే నీళ్లే కాఫీకీ సరిపోతాయి.

చక్కెర వేసుకునేవాళ్లు కాఫీలోనే వేసి కరిగించి, ఆ తర్వాత పాలు పోసుకోండి. పాలు పోశాక కలిపితే నురగ విరుగుతుంది. చాక్లెట్ పొడి చల్లుకోవడం మీ ఇష్టం. నేనైతే వద్దంటాను, మొదటి గుక్కలో కాఫీ, పాలు రెండే తెలియాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇస్తే మొదట వినిపించే మాట ఒకటే. “ఇదేంట్రా, చల్లారిపోయిందే!” వాళ్లతో వాదించకండి. అరవై ఏళ్లుగా మరిగే కాఫీ తాగిన నోరది. వాళ్ల కప్పును మరిగే నీళ్లతో బాగా వేడి చేసి, పాలను 65 దాకా తీసుకెళ్లి, పోసిన వెంటనే చేతికివ్వండి. 70 దాటనివ్వకండి. ఈ వేడి చాలదంటే అమ్మకు ఫిల్టర్ కాఫీయే కలిపి ఇవ్వండి, పాలు పొంగించి మరీ.